వాచీ గుండె లయ తప్పిందంటోంది, ఈసీజీ నార్మల్ అంటోంది: ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ నాన్నగారికి 63 ఏళ్లు, విజయవాడ పటమటలో ఉంటారు, చాలాకాలంగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. మీరు బెంగళూరు నుంచి పంపిన యాపిల్ వాచీ వారం తేడాలో రెండుసార్లు, గుండె లయ క్రమంగా లేదని మెసేజ్ చూపించింది. వెంటనే వీధి చివర డాక్టరు గారి దగ్గర ఈసీజీ తీయించారు, నార్మల్ అన్నారు. నాన్నగారికి దడ లేదు, ఆయాసం లేదు. అమ్మగారికి మాత్రం నిద్ర పట్టడం లేదు. వాచీని నమ్మాలా, డాక్టరు మాటా అని అడిగారు.

నేను సూర్యారావుపేటలో గుండె డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ మధ్య ఓపీలో ఈ ప్రశ్న తరచూ వస్తోంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. ఈసీజీ నార్మల్ వచ్చింది కదా అని వాచీ మెసేజ్‌ను కొట్టిపారేయకండి. అలాగని ఆ మెసేజ్ ఒక్కదాన్ని పట్టుకుని మందులూ మొదలుపెట్టకండి. ఆ లయ తప్పడాన్ని ఈసీజీ మీద పట్టుకోవాలి. అది దొరికాక, మందు కావాలా వద్దా అన్నది నాన్నగారి వయసు, బీపీ, షుగర్, గుండె వాల్వుల పరిస్థితి చూసి తేల్చాలి. ఇప్పటికిప్పుడు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిన పనైతే లేదు. రెండు మూడు రోజుల్లో ఒక కార్డియాలజిస్టును కలవండి.

ఎందుకిలా అంటున్నానో చెబుతాను. గుండెను పన్నెండు వైపుల నుంచి చూసే పన్నెండు లీడ్ల ఈసీజీ అంటే మంచం మీద పడుకోబెట్టి, జెల్లీ రాసి, క్లిప్పులు పెట్టి తీస్తారు చూడండి, ఆ కాగితం మీద ఉండేది సుమారు 10 సెకన్ల గుండె కథ మాత్రమే. ఆ 10 సెకన్లలో లయ బాగుంటే నార్మల్ అనే వస్తుంది, వేరేలా రాదు. వాచీ అనుమానించే జబ్బు పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, మేం పొట్టిగా ఏఎఫ్ అంటాం. మొదటి దశలో అది వచ్చి పోతుంటుంది. తెల్లవారుజామున 2 గంటలకు వచ్చి 4 గంటలకు తగ్గిపోయిన ఏఎఫ్, ఉదయం 11 గంటలకు తీసిన ఈసీజీలో కనిపించదు.

ఏఎఫ్‌లో గుండె పై గదులు ఒక పద్ధతిలో ముడుచుకోవు, వణుకుతున్నట్టు కదులుతాయి. కింది గదులకు కరెంటు ఎప్పుడు పడితే అప్పుడు అందుతుంది. అందుకే నాడి చూస్తే ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండదు. దానివల్ల దడ, ఆయాసం, నీరసం రావచ్చు. చాలామందికి ఏమీ తెలియదు కూడా. అసలు భయం అది కాదు. ఎడమ పై గదికి ఆనుకుని ఒక చిన్న సంచీలాంటి భాగం ఉంటుంది. గది సరిగా ముడుచుకోనప్పుడు రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు వెళ్తే పక్షవాతం. ఏఎఫ్ ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే సుమారు 5 రెట్లు. నాన్నగారికి ఏ ఇబ్బందీ లేకపోవడం మంచి సంగతే, కానీ దాన్ని చూసుకుని ఊరుకోవడానికి లేదు.

ఇక వాచీ సంగతి. వెనక పచ్చ లైటు వెలుగుతుంటుంది కదా, రక్తం ఆ వెలుతురును పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది, దాన్నిబట్టి వాచీ దెబ్బల మధ్య ఎడం లెక్కగడుతుంది. మనిషి కదలకుండా ఉన్నప్పుడే ఈ లెక్క బాగా కుదురుతుంది కాబట్టి కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు చూస్తుంది. ఒక్కసారి తేడా కనిపించగానే మెసేజ్ పంపదు. మళ్లీ మళ్లీ చూసి, వరుసగా చేసిన 6 పరిశీలనల్లో 5 తేడాగా ఉంటేనే చెబుతుంది. అంటే ఆ మెసేజ్ ఒక చిన్న కుదుపుకి వచ్చింది కాదు. మీ నాన్నగారికి రెండుసార్లు వచ్చిందంటే నేను దాన్ని తేలిగ్గా తీసుకోను.

దీని మీద పెద్ద పరిశోధనే ఉంది. స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు యాపిల్ వాచీ పెట్టుకున్న 4,19,297 మందిని గమనించి 2019 నవంబరులో ఫలితాలు ప్రచురించారు. మెసేజ్ వచ్చింది 0.52 శాతం మందికే. 40 లోపు వాళ్లలో 0.16 శాతం, 65 దాటినవాళ్లలో 3 శాతానికి కాస్త పైన. మెసేజ్ వచ్చినవాళ్లకి ఛాతీ మీద అతికించే ఈసీజీ ప్యాచ్ పంపితే, దాన్ని పెట్టుకుని తిరిగి పంపినవాళ్లలో 34 శాతం మందికి ఏఎఫ్ దొరికింది. ఈ అంకె చూసి ‘మిగతా 66 శాతం దొంగ మెసేజ్‌లే కదా’ అంటారు కొందరు. అది సరికాదు. ఆ ప్యాచ్ వాళ్ల ఒంటి మీదికి చేరేసరికి సగటున రెండు వారాలు గడిచిపోయాయి, అప్పటికి ఏఎఫ్ తగ్గిపోయి ఉండొచ్చు. ప్యాచ్ ఒంటి మీద ఉండగానే వాచీ మళ్లీ మెసేజ్ ఇచ్చిన సందర్భాల్లో 84 శాతం నిజంగానే ఏఎఫ్. పాతికేళ్ల కుర్రాడికి వచ్చిన మెసేజ్‌కీ, 63 ఏళ్ల బీపీ పేషెంటుకి వచ్చిన మెసేజ్‌కీ నేను ఒకే విలువ ఇవ్వకపోవడానికి కారణం ఈ వయసు తేడానే.

తప్పుడు మెసేజ్‌లు రావా అంటే వస్తాయి. వాటికి నేను ఎక్కువగా చూసే కారణం ఎక్టోపిక్స్, అంటే సమయానికంటే ముందు పడే దెబ్బలు. పాటలో తాళం వేసేవాడు ఒక దెబ్బ తొందరపడి వేసి, కాసేపు ఆగి మళ్లీ తాళంలో కలిసినట్టు ఉంటుంది అది. ఏఎఫ్‌లో అసలు తాళమే ఉండదు. ఈసీజీ కాగితం మీద ఈ తేడా మాకు ఇట్టే తెలుస్తుంది, పచ్చ లైటుకి అంత తేలిక కాదు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకాయన ఇలాగే మెసేజ్ వచ్చిందని, ఇంట్లోవాళ్లకి చెప్పకుండా, ముఖమంతా పాలిపోయి వచ్చారు. హోల్టర్, అంటే రోజంతా ఒంటి మీదే ఉండి ఈసీజీ రాసే చిన్న మిషను, పెడితే ఎక్టోపిక్స్ తప్ప ఏమీ లేవు. ఎకో, అంటే గుండె స్కానింగ్, కూడా బాగుంది. నిద్ర సరిగా లేదు, సీజన్‌లో రోజంతా టీ మీదే బతుకుతున్నారు. ఆయనకి గుండె మందు ఏదీ రాయలేదు. వాచీ పట్టీ వదులుగా ఉన్నా, చేతులు వణికే జబ్బు ఉన్నా కూడా లెక్క తప్పుతుంది. మన ఎండల్లో చెమటకి జారిపోతోందని మే నెలలో పట్టీ వదులు చేస్తారు చాలామంది. మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, చర్మానికి ఆనుకుని ఉండాలి.

ఇప్పుడు నాన్నగారి విషయంలో నేనైతే ఏం చేస్తానో రాస్తాను.

ముందు ఆ వాచీలో ఈసీజీ తీసే సదుపాయం ఉందో లేదో చూడండి. యాపిల్‌లో సిరీస్ 4 నుంచి వచ్చిన మామూలు మోడల్స్‌లో ఉంది. చవకగా వచ్చే ఎస్‌ఈ మోడల్‌లో మెసేజ్ వస్తుంది కానీ ఈసీజీ తీయలేదు. ఉంటే మాత్రం ఈ వారాంతం మీరు ఇంటికి వెళ్లి పక్కన కూర్చుని నేర్పించండి, ఫోన్‌లో చెబితే కుదరదు. కుర్చీలో కూర్చుని, వాచీ ఉన్న చెయ్యి టేబుల్ మీద వదులుగా పెట్టి, రెండో చేతి చూపుడు వేలు పక్కనున్న గుండ్రటి బటన్ మీద ఆనించి ఉంచాలి. నొక్కకూడదు, ఆనిస్తే చాలు. 30 సెకన్లు మాట్లాడకూడదు, ఫ్యాను గాలికి చెయ్యి చలిగా వణక్కూడదు. వేలికి కొబ్బరి నూనో, మాయిశ్చరైజరో ఉంటే తుడుచుకోవాలి. వేలు మరీ ఎండిపోయి ఉంటే కాస్త తడి అద్దాలి. చాలామంది పెద్దవాళ్లు వేలు గట్టిగా నొక్కి, చెయ్యి గాల్లో పెట్టి తీస్తారు. అప్పుడు గీత అంతా ముళ్లకంపలా వచ్చి, ఫలితం తేలలేదని చూపిస్తుంది.

మెసేజ్ వచ్చిన వెంటనే, లేదా ఒంట్లో తేడాగా అనిపించిన వెంటనే తీయాలి. రోజుకి ఇన్నిసార్లని తీయక్కర్లేదు. తీసినదాన్ని పీడీఎఫ్‌గా మీకు వాట్సాప్ చేయమనండి. డాక్టరుకి కావాల్సింది ఆ పీడీఎఫ్. వాచీ స్క్రీన్ మీద పడిన మాట కాదు. గీత చూస్తే పి తరంగం, అంటే పై గదులు పద్ధతిగా పనిచేస్తే కనిపించే చిన్న గుబ్బ, ఉందా లేదా, దెబ్బల మధ్య ఎడం ఎలా ఉంది అని మేమే చదువుకుంటాం. 30 సెకన్ల శుభ్రమైన గీత మీద ఏఎఫ్ కనిపించి, డాక్టరు చూసి అవునంటే, దాన్నిబట్టి రోగ నిర్ధారణ చేయవచ్చు.

గుణదలలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారికి సరిగ్గా మీ నాన్నగారిలాగే జరిగింది. మెసేజ్‌లు వచ్చేవి, ఎక్కడ ఈసీజీ తీసినా నార్మలే. 24 గంటల హోల్టర్ పెట్టాం, అదీ నార్మల్. హోల్టర్ పెట్టిన రోజున రాకపోతే ఏ మిషనైనా ఏం పట్టుకుంటుంది? మనవరాలు ఆయనకి వాచీ ఈసీజీ నేర్పింది. ఒక తెల్లవారుజామున మెసేజ్ రాగానే మంచం మీదే కూర్చుని తీశారు. గీతలో ఏఎఫ్ స్పష్టంగా ఉంది. ఆయనకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, వయసు 70 దాటింది. రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ మొదలుపెట్టాం. వాచీ లేకపోతే ఆయనకి ఈ జబ్బు ఉందన్న సంగతి మాకు పక్షవాతం వచ్చాక తెలిసేదేమో. నేను ఈ వాచీలను మెచ్చుకునేది ఇలాంటివాళ్ల కోసం.

వాచీ ఈసీజీతో పాటు కార్డియాలజిస్టు దగ్గర చేయించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎకో తప్పనిసరి. మన దగ్గర చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు సన్నబడినవాళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు, వాళ్లకి ఏఎఫ్ వస్తే మందే మారిపోతుంది. రక్తపరీక్షల్లో థైరాయిడ్, పొటాషియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, షుగర్. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల వచ్చిన ఏఎఫ్ చాలాసార్లు థైరాయిడ్ అదుపులోకి రాగానే సర్దుకుంటుంది. హోల్టర్ పెట్టించేటప్పుడు వీలైతే 24 గంటలతో సరిపెట్టకుండా వారం రోజుల ప్యాచ్ దొరుకుతుందేమో అడగండి. ఇంకొకటి, అమ్మగారిని అడగండి: నాన్నగారు గట్టిగా గురకపెడతారా, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అని. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకీ ఏఎఫ్‌కీ దగ్గర సంబంధం ఉంది, దాన్ని వదిలేస్తే ఏఎఫ్ తిరిగి తిరిగి వస్తుంది. మద్యం అలవాటు ఉంటే డాక్టరు దగ్గర దాచవద్దని చెప్పండి. పెళ్లిలోనో పండక్కో ఎక్కువ తాగిన మర్నాడు ఏఎఫ్‌తో వచ్చేవాళ్లని చూస్తుంటాం.

వాచీ కొనలేనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ఇంట్లో డిజిటల్ బీపీ మిషన్ ఉంటుంది కదా, వాటిలో చాలావాటికి లయ తేడాగా ఉంటే స్క్రీన్ మీద ఒక గుర్తు వస్తుంది. మాన్యువల్‌లో ఆ గుర్తు ఏదో రాసి ఉంటుంది, ఎవరూ చూడరు. తెనాలి నుంచి వచ్చిన ఒకావిడ, బీపీ ఒకసారి 150, ఇంకోసారి 118 చూపిస్తోందని, మిషన్ పాడైందనుకుని కొత్తది కొన్నారు. కొత్తదీ అలాగే చూపించింది. మిషన్‌లో ఏ లోపమూ లేదు, ఆమెకి ఏఎఫ్ ఉంది. ఆ లయలో దెబ్బదెబ్బకీ బీపీ మారుతుంది. అందుకే గుర్తు కనిపిస్తే మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి, ఈసీజీ తీయించుకోవాలి. అసలు ఏ మిషనూ లేకపోయినా, బొటనవేలి వైపు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి పూర్తిగా ఒక నిమిషం నాడి చూడటం ఎవరైనా నేర్చుకోవచ్చు. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం వేగానికి సరిపోతుంది, లయకి సరిపోదు. చవక స్మార్ట్ వాచీల్లో చాలావరకు గుండె వేగం మాత్రమే చూపిస్తాయి. వేగం 72 చూపించినంత మాత్రాన లయ బాగుందని కాదు. ఏఎఫ్‌లో బలహీనమైన దెబ్బలు కొన్ని మణికట్టు దాకా రావు కాబట్టి, వాచీ చూపించే వేగం అసలు గుండె వేగం కంటే తక్కువ కూడా ఉండొచ్చు.

సరే, ఏఎఫ్ దొరికిందనుకుందాం. మందు మాటేమిటి? ఇక్కడ తొందరపాటు రెండు వైపులా ప్రమాదమే. పక్షవాతం ముప్పుని మేం ఒక స్కోరు వేసి చూస్తాం. గుండె బలహీనత, బీపీ, షుగర్, రక్తనాళాల జబ్బు, 65 నుంచి 74 మధ్య వయసు, వీటికి ఒక్కో పాయింటు. 75 దాటితే 2, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే 2. మగవాళ్లకి 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే, గట్టి అభ్యంతరం లేకపోతే రక్తం పలచబడే మందు ఇస్తాం. మీ నాన్నగారికి బీపీ ఒక్కటే ఉంటే ఇప్పుడు 1. అక్కడ డాక్టరూ పేషెంటూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి. రెండేళ్లలో 65 నిండితే అదే 2 అవుతుంది.

పరికరం పట్టుకున్న ప్రతి చిన్న ఏఎఫ్‌కీ మందు వాడాలా అన్నది మా డాక్టర్ల మధ్య కూడా ఇంకా నడుస్తున్న చర్చే. డెన్మార్క్‌లో చర్మం కింద రికార్డరు అమర్చి వెతికితే ఏఎఫ్ మూడు రెట్లు ఎక్కువ దొరికింది కానీ, పక్షవాతాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని 2021లో తేలింది. తర్వాత వచ్చిన ఆర్టీసియా పరిశోధనలో, 6 నిమిషాల నుంచి 24 గంటల లోపు ఏఎఫ్ పరికరాల్లో కనబడినవాళ్లకి అపిక్సబాన్ ఇస్తే ఆస్పిరిన్‌తో పోలిస్తే పక్షవాతాలు మూడో వంతుకు పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. అందుకే ఏఎఫ్ ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు వచ్చింది, మనిషికి ఉన్న ముప్పు ఎంత అన్నవి కలిపి చూడాలి. ఈలోగా ఎవరో చెప్పారని మెడికల్ షాపులో ఆస్పిరిన్ కొని మొదలుపెట్టకండి. ఏఎఫ్‌లో పక్షవాతాన్ని ఆపడానికి అది పనికిరాదు, కడుపులో పుండు పడితే రక్తం మాత్రం పోతుంది. రక్తం పలచబడే మందు మొదలయ్యాక మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోవడమూ అంతే ప్రమాదం. రక్తం పలచబడే పాత మందులైన వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానక్కర్లేదు, వారంవారం ఒకే మోతాదులో తింటూ, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చూపించుకోవాలి. అపిక్సబాన్ రకం మందులకి ఆ ఇబ్బంది లేదు. కానీ మైట్రల్ వాల్వు బాగా సన్నబడినవాళ్లకి పాత మందే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ పరిశోధన చెప్పింది. ఎకో లేకుండా మందు రాయకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. వాచీ హార్ట్ ఎటాక్‌ని పట్టుకోలేదు. అది తీసేది ఒక్క లీడు. మంగళగిరి నుంచి ఒకాయన, ఛాతీలో బరువుగా ఉండి చెమటలు పడుతుంటే వాచీలో ఈసీజీ తీసుకుని, లయ మామూలుగా ఉందని చూపించిందని తెల్లారేదాకా ఇంట్లోనే ఉన్నారు. వచ్చేసరికి గుండె కండరం చాలా దెబ్బతిని ఉంది. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో లాగడం, చెమటలు ఉంటే వాచీ వైపు చూడనే వద్దు, ఆసుపత్రికి బయలుదేరాలి. అలాగే మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల లోపే సమయం. ఈ లక్షణాలు మొదలైన టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి.

వాచీ మేలు చేసిన ఇంకో రకం పేషెంట్ల గురించి కూడా చెప్పాలనిపిస్తోంది. ముప్పై నాలుగేళ్ల ఒకమ్మాయికి ఉన్నట్టుండి దడ మొదలై, పావుగంటకి స్విచ్ వేసినట్టు ఆగిపోయేది. ఏళ్ల తరబడి ‘టెన్షన్ అమ్మా, గ్యాస్ అమ్మా’ అని పంపేశారు, నిద్రమాత్రలు కూడా ఇచ్చారు. తమ్ముడి వాచీ పెట్టుకుని దడ వచ్చినప్పుడు ఈసీజీ తీసింది. వేగం నిమిషానికి 180, దెబ్బలు క్రమంగానే ఉన్నాయి. అది ఏఎఫ్ కాదు, ఎస్‌వీటీ అనే వేరే జబ్బు. వాచీ దానికి పేరు పెట్టలేకపోయింది, గీత మాత్రం అబద్ధం చెప్పదు కదా. అబ్లేషన్, అంటే దడ పుట్టించే చోటును సన్నటి తీగతో కాల్చేయడం, చేశాక ఆమెకి దడ రాలేదు. ఆడవాళ్లు దడ అంటే ముందు టెన్షన్ అనేసే అలవాటు మన డాక్టర్లలోనూ, ఇళ్లలోనూ పోవాలి.

ఇక అమ్మగారి సంగతి. రోజంతా నాన్నగారి మణికట్టు వైపే చూస్తుంటే ఇద్దరికీ బీపీ పెరుగుతుంది. మెసేజ్ వస్తే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి: కూర్చోవాలి, ఈసీజీ తీయాలి, అబ్బాయికి పంపాలి. మెసేజ్ రానప్పుడు దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు. నాన్నగారు వాకింగ్ మానక్కర్లేదు, బీపీ మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా తప్పకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో హెల్త్ యాప్ తెరిచి ఆ రెండు మెసేజ్‌ల తేదీలు, టైములు రాసుకెళ్లండి. పాత ఈసీజీలు, వాడుతున్న మందుల చీటీ కూడా పట్టుకెళ్లండి. ఎకో, థైరాయిడ్ రిపోర్టులు వచ్చాక, వాచీ ఈసీజీ ఏదైనా దొరికితే అందులో పేరు కనిపించకుండా చేసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.